గల్బా పిసినారే, వెస్పేసియన్ పిసినారే. మరి ఒక్కడే ఎందుకు నిలిచాడు? (క్రీ.శ. 69, నలుగురు చక్రవర్తుల ఏడాది)

మండువా – ఆదివారం సాయంత్రం 6:40

నీరో 68 జూన్ 9న గొంతులో కత్తి దింపుకుని చనిపోయాడు. ఆ తర్వాత ఏడాదిన్నర తిరిగేలోపు రోమ్‌కు నలుగురు చక్రవర్తులు వచ్చారు: గల్బా, ఓథో, విటెల్లియస్, వెస్పేసియన్. గల్బానూ విటెల్లియస్‌నూ రోమ్ నగరం నడిబొడ్డునే చంపారు. ఓథో తనను తానే పొడుచుకున్నాడు. నాలుగోవాడు మాత్రం పదేళ్లు పాలించి, జబ్బు చేసి పోయాడు.

గల్బాను పిసినారితనమే ముంచిందని అందరూ చెప్పే మాట. నీరోను వదిలి గల్బా పక్షానికి వస్తే తలకు 30,000 సెస్టర్సులు ఇప్పిస్తానని ప్రిటోరియన్ దళాధిపతి నింఫీడియస్ సబైనస్ ఆ దళానికి మాట ఇచ్చాడు. ప్రిటోరియన్లంటే చక్రవర్తికి అంగరక్షకులు, రోమ్ గోడ బయటే శిబిరం ఉన్నవాళ్లు. వాళ్లు నమ్మి వచ్చారు. గల్బా పైసా ఇవ్వలేదు సరికదా, “నేను సైనికులను ఎంచుకుంటాను, కొనుక్కోను” అన్నాడు. రోమ్‌కు చేరిన కొద్ది నెలలకే అతని తల ఈటె మీద ఊరేగింది.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ వెస్పేసియన్ ఏమైనా దానకర్ణుడా? బహిరంగ మూత్రశాలల మూత్రం మీద కూడా పన్ను వేసిన మనిషి! పిసినారితనమే మరణశాసనమైతే అతను పదేళ్లు ఎలా బతికి బట్టకట్టాడు? పెద్దలు చెప్పాలి.

జమాఖర్చు – ఆదివారం రాత్రి 8:05

ఉద్యోగంలో ఉన్నంతకాలం ఆడిట్ చేసినవాణ్ణి, కాబట్టి లెక్కతోనే మొదలుపెడతాను.

అప్పట్లో మామూలు లీజియన్ (కొన్ని వేలమంది ఉండే రోమన్ సేనావిభాగం) సైనికుడి జీతం ఏడాదికి 900 సెస్టర్సులు. ప్రిటోరియన్‌కు సుమారు 3,000. అంటే నింఫీడియస్ ఆశ చూపింది పదేళ్ల జీతం. దానికి ముందు 41లో క్లాడియస్ గద్దెనెక్కినప్పుడు ఇచ్చినది 15,000. నీరో కూడా అదే పద్ధతి పాటించాడు. నింఫీడియస్ వేలం పాటను ఒక్కసారిగా రెట్టింపు చేశాడు. దళంలో 6,000 మందే ఉన్నారనుకుని తక్కువలో తక్కువ లెక్క వేసినా 18 కోట్లు. లీజియన్ల వాళ్లకు తలకు 5,000 అని విడిగా మరో మాట ఇచ్చాడు. ఆ మొత్తం ఇంకా భయంకరం.

ఇప్పుడు ఖజానా వైపు చూడండి. నీరో తన ఇష్టులకు పంచిపెట్టిన కానుకల మొత్తం 220 కోట్ల సెస్టర్సులని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. గల్బా వాటిలో పదో వంతు వాళ్లకు వదిలి, తొమ్మిది వంతులు వెనక్కి కక్కించమని 30 మంది అశ్విక వర్గపు (సెనేటర్ల తర్వాతి శ్రేణి) పెద్దలతో ఒక సంఘం వేశాడు. తీసుకున్నవాళ్లు ఎప్పుడో తగలేశారు. ఊరంతా వేలాలు, జప్తులు, వ్యాజ్యాలు. వచ్చినది మాత్రం అంతంతే.

కాబట్టి “ఇవ్వడానికి మనసు లేదు” అనే ముందు “ఇవ్వడానికి చేతిలో ఏముంది” అని అడగాలి. అలాగని గల్బాను వెనకేసుకురావడం లేదు. పూర్తిగా ఇవ్వలేకపోతే కొంత ఇచ్చి, మిగతాదానికి గడువు పెట్టాలి. ఆ ముసలాయన విదిల్చిన కాస్త చిల్లరైనా సైనికుల మనసు గెలిచి ఉండేదని టాసిటస్సే అంటాడు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నాడు.

వేణుగానం విని తెగ మెచ్చుకుని, సొంత సంచిలోంచి ఏరి ఏరి 20 సెస్టర్సుల విలువైన ఐదు డెనారియస్‌లు కళాకారుడి చేతిలో పెట్టాడట గల్బా. చక్రవర్తుల జీవితచరిత్రలు రాసిన స్యుటోనియస్ చెప్పిన ఈ కథ నిజమో కాదో గానీ, ఊరు అతన్ని ఎలా చూసిందో చెప్పడానికి అదొక్కటీ చాలు.

మైంజ్_తెలుగు – ఆదివారం రాత్రి 9:31

జమాఖర్చు గారి లెక్క సరే. కానీ మీరంతా రోమ్ నగరంలోనే నిలబడి చూస్తున్నారు. నేనుండే ఊరి పేరు మీకు కనిపిస్తూనే ఉంది, జర్మనీలో రైన్ నది ఒడ్డున. రోమన్లు దీన్ని మొగొంటియాకమ్ అనేవారు. 69 ఏడాది మంట అంటుకున్నది ఇక్కడ.

జనవరి 1న లీజియన్లన్నీ చక్రవర్తి పేరున ప్రమాణం చేయాలి. మైంజ్‌లో నాలుగో మాసిడోనికా, ఇరవైరెండో ప్రిమిజీనియా అనే రెండు లీజియన్లు ఒకే శిబిరంలో ఉండేవి. అవి గల్బా ప్రతిమలను పగలగొట్టి, అతని పేరు పలకకుండా “సెనేట్‌కూ రోమ్ ప్రజలకూ” అని ప్రమాణం చేశాయి. అడ్డుపడిన నలుగురు సెంచూరియన్లను (చిన్న దళాల నాయకులను) బంధించారు. పై అధికారి హోర్డియోనియస్ ఫ్లాకస్ కీళ్లవాతంతో కాలు కదపలేని ముసలివాడు, చూస్తూ ఊరుకున్నాడు. ఆ రాత్రే నాలుగో లీజియన్ ధ్వజధారి కొలోన్ చేరి, భోజనం చేస్తున్న దిగువ రైన్ సేనాధిపతి విటెల్లియస్‌కు కబురు చెప్పాడు. మర్నాడు ఫేబియస్ వాలెన్స్ గుర్రపు దండుతో వచ్చి విటెల్లియస్‌ను చక్రవర్తిగా జేకొట్టాడు. మూడో తేదీకి మైంజ్ లీజియన్లు కూడా కలిసిపోయాయి.

వీళ్ల కడుపుమంట వేరు. 68లో గాల్‌లో విండెక్స్ తిరుగుబాటు చేసినప్పుడు వెసాన్షియో దగ్గర అతని సేనను నేలమట్టం చేసినది ఈ రైన్ సైన్యమే. విండెక్స్ ఎవరి పేరు చెప్పి లేచాడు? గల్బా పేరు! తర్వాత ఆ గల్బానే చక్రవర్తి అయ్యాడు. విండెక్స్‌తో కలిసిన గాల్ తెగలకు పౌరసత్వం, పన్నుల్లో రాయితీ ఇచ్చాడు. రైన్ సైన్యం పక్షాన నిలిచిన తెగల భూములు కోశాడు. సైన్యం ఎంతో నమ్మిన సేనాని వెర్జీనియస్ రూఫస్‌ను గౌరవం పేరుతో పిలిపించుకుని పక్కన పెట్టాడు. గెలిచినవాళ్లం శిక్ష అనుభవిస్తున్నాం, ఓడినవాళ్లు బహుమానాలు పంచుకుంటున్నారు అని రైన్ సైనికుడు అనుకుంటే తప్పేముంది?

ఈ మంటను 30,000 చల్లార్చేవా? ఆ డబ్బు వీళ్లకు ఇస్తామన్నది కూడా కాదు.

ఇక్కడి మ్యూజియంలో బృహస్పతి (జూపిటర్) స్తంభం ముక్కలున్నాయి. శిబిరం పక్కన బతికిన వర్తకులూ జనమూ నీరో క్షేమం కోరి కట్టించినది. శాసనంలో నీరో పేరున్న చోట చెక్కేసిన గుర్తు ఇప్పటికీ కనిపిస్తుంది. స్తంభాన్ని పడగొట్టలేదు, పేరొక్కటే తీసేశారు. ఖర్చు దండగ అనుకున్నారేమో!

వాదప్రియ – ఆదివారం రాత్రి 10:12

మైంజ్ గారూ, మీరు సగం దారిలో ఆగిపోయారు. మిగతా సగం నేను చెబుతాను.

రైన్ కబురు కొద్ది రోజుల్లో రోమ్ చేరింది. గల్బాకు అప్పటికే డెబ్బై దాటాయి, పిల్లలు లేరు. తన తర్వాత ఎవరన్నది తేలితే గొడవ సద్దుమణుగుతుందని, జనవరి 10న పీసో లిసినియానస్ అనే యువకుణ్ణి దత్తత తీసుకున్నాడు. మంచి వంశం, మచ్చలేని నడవడి, ముప్పై దాటిన వయసు. అన్నీ ఉన్నాయి, సైన్యంలో పలుకుబడి తప్ప. ఉరుములూ మెరుపులతో వాన కురుస్తుండగా ప్రిటోరియన్ శిబిరానికి వెళ్లి నాలుగు ముక్కల్లో ప్రకటించాడు. కానుక ఊసే లేదు.

ఈ దత్తత ఎవరి ఆశ మీద నీళ్లు చల్లింది? ఓథో ఆశ మీద. స్పెయిన్‌లో గల్బా లేచినప్పుడు అందరికంటే ముందు వచ్చి చేరిన గవర్నర్ ఓథో. దత్తపుత్రుణ్ణి తానే అవుతానని అందరికీ చెప్పుకు తిరిగాడు. పీసోను వారసుడిగా ప్రకటించిన ఐదో రోజుకు పీసో లేడు, గల్బా లేడు.

మైంజ్‌లో జనవరి 1, దత్తత జనవరి 10, హత్య జనవరి 15. ఈ మూడు తేదీలనూ కలిపే దారం డబ్బు కాదు, వారసత్వం. రాజరికం అనే పేరే పెట్టుకోని రాజ్యానికి వారసత్వ చట్టం ఎక్కడి నుంచి వస్తుంది? అగస్టస్ తాను రాజును కానని చెప్పుకున్నాడు. రాజు లేనప్పుడు యువరాజూ ఉండడు. నీరో వరకూ అగస్టస్ కుటుంబం పేరు ఆ ఖాళీని కప్పింది. నీరోతో ఆ కుటుంబం అయిపోయింది. ఖాళీ బయటపడింది.

జమాఖర్చు – ఆదివారం రాత్రి 10:40

వాదప్రియ గారూ, ఓథో కుట్ర ఖర్చు చూస్తే మీరే నా పక్షానికి వస్తారు. స్యుటోనియస్ ఇచ్చిన పద్దు ఇది. చక్రవర్తి బానిస ఒకడికి కొలువు ఇప్పించి ఓథో 10 లక్షల సెస్టర్సులు రాబట్టాడు. పెట్టుబడి అదే. ముందు ఐదుగురు అంగరక్షకులను పట్టాడు. వాళ్లు తలా ఇద్దరిని తెచ్చారు. ఆ 15 మందికి తలకు 10,000 చేతిలో పెట్టి, 50,000 తర్వాత ఇస్తానన్నాడు. అంటే బయానా లక్షా యాభై వేలు. గల్బా 18 కోట్లు మిగుల్చుకున్నాడు, ఓథో లక్షన్నరతో పని కానిచ్చాడు!

అంతకుముందు నుంచే పెట్టుబడి సాగుతోంది లెండి. గల్బా తన ఇంటికి భోజనానికి వచ్చిన ప్రతిసారీ కాపలా సైనికులకు తలా ఒక బంగారు నాణెం ఇచ్చేవాడు. పైగా మెడ లోతు అప్పుల్లో ఉన్న మనిషి. చక్రవర్తిని కాకపోతే నిలబడలేను, యుద్ధంలో శత్రువు చేతిలో పడ్డా ఫోరమ్‌లో (రోమ్ నడిబొడ్డు కూడలిలో) అప్పులవాళ్ల చేతిలో పడ్డా ఒకటే అని తనే చెప్పుకునేవాడు.

పరీక్షల_కాలం – ఆదివారం రాత్రి 11:02

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఇంత జరుగుతుంటే సెనేట్ ఏం చేస్తోంది? పుస్తకంలో అంతా “సెనేట్ ఆమోదించింది” అనే ఉంటుంది.

పాతరాత – ఆదివారం రాత్రి 11:25

ఆమోదిస్తూనే ఉంది బాబూ. జనవరి 15 ఉదయం గల్బాకు జేజేలు, సాయంత్రం ఓథోకు అధికారాలు. ఏప్రిల్‌లో ఓథో పోయాడని తెలిశాక విటెల్లియస్‌కు అవే అధికారాలు. డిసెంబరు 21న వెస్పేసియన్‌కు.

అయితే చివరిదాంట్లో ఒక విశేషం ఉంది. వెస్పేసియన్‌కు ఇచ్చిన అధికారాలను చెక్కిన కంచు ఫలకం ఒకటి మిగిలింది. సంధులు చేసుకునే హక్కు, సెనేట్‌ను సమావేశపరిచే హక్కు, తన అభ్యర్థులను పదవులకు నిలిపే హక్కు, రాజ్యానికి మంచిదని తోచింది చేసే హక్కు, ఇలా ఒక్కొక్కటే రాసి, చాలాచోట్ల “దివ్య అగస్టస్‌కు, టైబీరియస్‌కు, క్లాడియస్‌కు ఉన్నట్టే” అని ముక్తాయించారు. కాలిగులా, నీరో, గల్బా, ఓథో, విటెల్లియస్ పేర్లు ఆ వరుసలో లేవు. 14వ శతాబ్దంలో కోలా ది రియెంజో రోమ్‌లోని లాటెరన్ చర్చిలో దాన్ని వెలికితీసి జనానికి చదివి వినిపించాడు. ఇప్పుడు కాపిటోలిన్ మ్యూజియంలో ఉంది.

సెనేట్ అధికారం ఇచ్చినది డిసెంబరులోనే అయినా వెస్పేసియన్ తన పాలన మొదలైన రోజుగా లెక్కించుకున్నది జులై 1ని. ఆ రోజున, వెస్పేసియన్ ఇంకా జూడియాలో సేనానిగా ఉండగా, ఈజిప్టు అధిపతి టైబీరియస్ జూలియస్ అలెగ్జాండర్ అలెగ్జాండ్రియాలో తన లీజియన్ల చేత అతని పేరున ప్రమాణం చేయించాడు. సెనేట్ విలువ ఎంతో ఆ తేదీలోనే తెలిసిపోతుంది.

వాదప్రియ – సోమవారం ఉదయం 7:18

ఓథోను అప్పులవాడిగా మాత్రమే చూపించి జమాఖర్చు గారు చేతులు దులుపుకున్నారు. అది అన్యాయం.

అతను గద్దె ఎక్కిన తీరు నీచమే. జనవరి 15 ఉదయం గల్బా పక్కన నిలబడి పూజ చూస్తూ, కొనాలనుకున్న పాత ఇల్లొకటి పరీక్షించడానికి వెళ్లాలని చెప్పి జారుకున్నాడు. ఫోరమ్‌లో స్వర్ణ మైలురాయి దగ్గర 23 మంది సైనికులు అతన్ని చక్రవర్తి అన్నారు. ఇంత తక్కువమందా అని ఓథోకే గుండె జారిందట. వాళ్లే పల్లకిలో ఎక్కించి శిబిరానికి మోసుకుపోయారు. కొన్ని గంటల్లో గల్బా కర్టియస్ మడుగు దగ్గర హతుడయ్యాడు. పీసో వెస్టా ఆలయంలో దాక్కుంటే బయటికి ఈడ్చి చంపారు. ఆ రోజు కత్తి దూసి ఎదురు నిలిచినవాడు సెంప్రోనియస్ డెన్సస్ అనే సెంచూరియన్ ఒక్కడు. నా చేతితో చంపాను, నాకు బహుమానం ఇవ్వండి అని ఓథోకు అర్జీ పెట్టుకున్నవాళ్లు మాత్రం 120 మందికి పైనే! విటెల్లియస్ తర్వాత ఆ అర్జీలు చూసి అందరినీ వెతికి చంపించాడు. గల్బా మీద ప్రేమతో కాదు, రేపు తనకూ ఇదే గతి పట్టకూడదని.

కానీ ముగింపు చూడండి. ఏప్రిల్ 14న ఉత్తర ఇటలీలోని బెడ్రియాకమ్ దగ్గర ఓథో సైన్యం విటెల్లియస్ సైన్యం చేతిలో ఓడింది. డాన్యూబ్ నుంచి వస్తున్న లీజియన్ల ముందు దళాలు అక్వీలియా దాకా వచ్చేశాయి. అంగరక్షకులు పోరాడతామని కాళ్లా వేళ్లా పడ్డారు. యుద్ధం సాగదీయడానికి అన్నీ ఉన్నాయి. అయినా నా ఒక్కడి కోసం ఇంతమంది చావనక్కర్లేదని చెప్పి, ఎవరెవరు తనకు ఉత్తరాలు రాశారో బయటపడకుండా కాగితాలు తగలబెట్టి, దగ్గరున్న డబ్బు పంచి, తెల్లవారుజామున బ్రిక్సెల్లమ్‌లో కత్తి మీద పడ్డాడు. వయసు 36. చితి దగ్గరే కొందరు సైనికులు పొడుచుకుని చచ్చారు. డబ్బుకు అమ్ముడుపోయినవాళ్లు అలా చస్తారా జమాఖర్చు గారూ?

పాతరాత – సోమవారం ఉదయం 9:50

ఓథో చావు కథ ఇంత అందంగా మన దాకా ఎలా వచ్చిందో కూడా చూడాలి. స్యుటోనియస్ తండ్రి పదమూడో లీజియన్‌లో అధికారిగా ఆ యుద్ధంలో ఓథో పక్షాన పోరాడాడు. ఆయన ఇంట్లో చెప్పిన మాటలే కొడుకు రాశాడు. గ్రీకు రచయిత ప్లూటార్క్ తన రోమన్ మిత్రుడు మెస్ట్రియస్ ఫ్లోరస్‌తో కలిసి ఆ యుద్ధభూమి చూసి వచ్చాడు. ఓథో సైన్యంతో వెళ్లక తప్పని ఫ్లోరస్, ఒక గుడి దగ్గర శవాలు పైకప్పు అంచుదాకా పేరుకుని ఉండడం చూశానని ఆయనకు చెప్పాడు. అంటే సాక్షులు ఓథో వైపువాళ్లు.

విటెల్లియస్‌కు అలాంటి సాక్షులు దొరకలేదు. అతన్ని చంపి గద్దెనెక్కిన కుటుంబం 96 వరకూ పాలించింది. తన ఉద్యోగ జీవితం వెస్పేసియన్ కాలంలో మొదలై టైటస్, డొమీషియన్ కాలాల్లో పెరిగిందని టాసిటస్ మొదటి అధ్యాయంలోనే చెప్పుకుంటాడు. నిజాయితీపరుడే, కానీ ఆయన చదివిన పాత రాతలు ఫ్లేవియన్ల (వెస్పేసియన్ కుటుంబం) నీడలో పుట్టినవి. కాబట్టి “మినర్వా డాలు” అనే పళ్లెంలో నెమలి మెదళ్లు, ఫ్లెమింగో నాలుకలు కలిపి తిన్నాడన్న కథ చదివేటప్పుడు కాస్త ఉప్పు తగ్గించి తినండి.

విటెల్లియస్ గురించి నేను నమ్మేది డిసెంబరు 18 దృశ్యం. నల్లబట్టలు కట్టుకుని, పసివాడైన కొడుకును పల్లకిలో వెంటబెట్టుకుని ఫోరమ్‌కు వచ్చాడు. ఇక నాకు వద్దని చెప్పి నడుముకున్న బాకు తీసి కాన్సుల్‌కు ఇవ్వబోయాడు. కాన్సుల్ తీసుకోలేదు. జనం, సైనికులు తిరిగి రాజగృహంలోకే తోశారు. చక్రవర్తి రాజీనామా చేసే పద్ధతి ఏదీ రోమ్‌లో లేదు. మర్నాడు కాపిటోల్ గుట్ట మీద బృహస్పతి ఆలయం తగలబడింది, వెస్పేసియన్ అన్న సబైనస్‌ను చంపారు. 20న విటెల్లియస్ వంతు. ఎగతాళి చేసిన అధికారితో “ఎంతైనా నేను మీ చక్రవర్తిని” అన్నది అతని చివరి మాట. ఇంత దిగజారిన మనిషి నోట ఇంత హుందా మాట వచ్చిందని టాసిటస్సే రాసిపెట్టాడు.

నాణేలసంచి – సోమవారం మధ్యాహ్నం 1:15

ఎవరూ నాణేల జోలికి రాలేదు కాబట్టి రెండు ముక్కలు. గల్బా నాణేల మీద “స్వేచ్ఛ”, ఓథో వెండి మీద “రోమ్ ప్రజల భద్రత”, విటెల్లియస్ నాణేల మీద “సైన్యాల విశ్వాసం”. ఎవరికి ఏది లేదో అదే ముద్రించుకున్నారు. ఓథో పేరున రోమ్ టంకశాల బంగారం, వెండి మాత్రమే కొట్టింది, రాగి, ఇత్తడి నాణేలు కొట్టలేదు. అందుకే పన్నెండు సీజర్ల రాగి వరుస పూర్తి చేయాలనుకునే సేకర్తలకు ఓథో దగ్గర తల ప్రాణం తోకకు వస్తుంది.

మన నల్గొండ వైపు దొరికిన రోమన్ వెండిలో అగస్టస్, టైబీరియస్ బొమ్మలే ఎక్కువ. భారతదేశం ఏటా 5 కోట్ల సెస్టర్సులు లాగేస్తోందని రోమన్ రచయిత ప్లీనీ వాపోయింది వెస్పేసియన్ కాలంలోనే.

జమాఖర్చు – సోమవారం మధ్యాహ్నం 1:42

అయితే నీరో ఒక్కడు పంచిన 220 కోట్లు మన మిరియాలకూ ముత్యాలకూ 44 ఏళ్ల బిల్లు! ప్లీనీ గారికి మిరియాల మీదే కోపం వచ్చింది చూడండి.

నిర్వాహకులు – సోమవారం సాయంత్రం 4:00

ఓథోను నేటి నాయకులతో పోల్చిన రెండు వ్యాఖ్యలు తొలగించాం. సివిలిస్ నడిపిన బటేవియన్ తిరుగుబాటు గురించిన ప్రశ్నను వేరే చర్చగా మార్చాం. మండువా గారి అసలు ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు.

మైంజ్_తెలుగు – సోమవారం రాత్రి 8:20

వస్తున్నా.

డబ్బు వాదానికి అన్నిటికంటే పెద్ద అడ్డంకి వెస్పేసియనే. అంతర్యుద్ధంలో అతను సైనికులకు ఇవ్వజూపినది, ఇతరులు శాంతికాలంలో ఇచ్చినదాని కంటే ఎక్కువ కాదని టాసిటస్ స్పష్టంగా చెప్పాడు. సైనికులను కానుకలతో మేపడానికి గట్టి విరోధి అని మెచ్చుకున్నాడు కూడా. అయినా జూడియా, సిరియా, ఈజిప్టు, డాన్యూబ్ అన్నీ అతని వెంట నడిచాయి.

కానీ కథ అక్కడితో ఆగదు. డాన్యూబ్ లీజియన్ల జీతం ఉత్తర ఇటలీలోని క్రెమోనా నగరం ఇచ్చింది.

వెస్పేసియన్ అలెగ్జాండ్రియాలో ధాన్యం ఓడల మీద చేయి వేసుకుని కూర్చోగా, అతని మిత్రుడు మూకియానస్ సిరియా నుంచి మెల్లగా నడిచి వస్తుండగా, ఆంటోనియస్ ప్రైమస్ అనే దుడుకు సేనాని ఎవరి ఆజ్ఞ కోసమూ ఆగకుండా డాన్యూబ్ సైన్యంతో ఇటలీలోకి దూకాడు. అక్టోబరు 24 రాత్రంతా క్రెమోనా బయట యుద్ధం. హిస్పానియావాడైన జూలియస్ మాన్సూటస్ రపాక్స్ లీజియన్‌లో చేరినప్పుడు ఇంట్లో చిన్న కొడుకును వదిలి వచ్చాడు. ఆ పిల్లవాడు పెరిగి, గల్బా ఏర్పాటు చేసిన ఏడో లీజియన్‌లో చేరాడు. ఆ రాత్రి ఎదుటివాణ్ణి పడగొట్టి ఒళ్లు తడుముతుంటే ఒకరినొకరు గుర్తుపట్టారు. తండ్రి ఆ కొడుకు చేతుల్లోనే పోయాడు. కొడుకే గొయ్యి తవ్వి తండ్రిని పాతిపెట్టాడు. చుట్టూ ఉన్నవాళ్లు చూసి ఇదేం యుద్ధమని శపించారు, తర్వాత మళ్లీ చంపుకోవడం మొదలుపెట్టారు.

తెల్లవారాక మూడో గాలికా లీజియన్ సిరియా అలవాటు ప్రకారం ఉదయిస్తున్న సూర్యుడికి జేకొట్టింది. మూకియానస్ వచ్చేశాడేమో, అతనికే స్వాగతం చెబుతున్నారని విటెల్లియస్ సేన బెదిరింది.

అసలు విషయం మాత్రం ఆ రాత్రికి ముందే సైనికులు అనుకున్న మాట. బలప్రయోగంతో పట్టుకున్న ఊరి దోపిడీ సైనికులది, లొంగిపోయిన ఊరి సొత్తు సేనానులది. అందుకే లొంగుబాటు దాకా ఆగకుండా చీకట్లోనే గోడలు ఎక్కుదామని ఎగబడ్డారు. చివరికి క్రెమోనా లొంగినా వదల్లేదు. స్నానశాలలో నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయని ఆంటోనియస్ అన్నాడట. “త్వరలోనే వేడెక్కుతాయి” అని జవాబు వినిపించింది. 40,000 మంది సాయుధులు, వాళ్లకు మించిన సంఖ్యలో సేవకులు ఊరి మీద పడ్డారు. సంత రోజులు కావడంతో సరుకు నిండుగా ఉంది. నాలుగు రోజులు సాగింది. క్రీ.పూ. 218లో పుట్టి 286 ఏళ్లు బతికిన ఊరు బూడిదైంది. పట్టుకున్న పౌరులను అమ్మబోతే ఇటలీలో ఎవరూ కొనలేదు, దాంతో చంపడం మొదలుపెట్టారు.

జమాఖర్చు గారూ, వెస్పేసియన్ పద్దుల్లో కానుక కింద ఖర్చు తక్కువే కనిపిస్తుంది. క్రెమోనాను ఏ పద్దులో రాస్తారు?

జమాఖర్చు – సోమవారం రాత్రి 9:03

మొండి బకాయి కింద. వసూలు చేసింది ఎవరి దగ్గరో, చెల్లించాల్సింది ఎవరో! మంచి మాట అన్నారు. కానీ ఇది నా వాదాన్నే బలపరుస్తోంది. డబ్బు వచ్చింది, వచ్చిన దారి వేరు.

మండువా – సోమవారం రాత్రి 9:30

క్రెమోనా సొమ్ము 69 అక్టోబరుకు సరిపోతుంది. తర్వాతి పదేళ్లకు సరిపోదు కదా? రాజ్యాన్ని నిలబెట్టాలంటే 4,000 కోట్ల సెస్టర్సులు కావాలని వెస్పేసియన్ అన్నట్టు స్యుటోనియస్ ప్రతుల్లో ఉంది. ఆ అంకె నమ్మలేక 400 కోట్లుగా దిద్దినవాళ్లూ ఉన్నారు. ఎంతైనా కానీ, పన్నులు పెంచుతూ, పాతవి తిరిగి మోపుతూ ఉన్న మనిషి మీద మరో ఓథో ఎందుకు లేవలేదు?

వాదప్రియ – సోమవారం రాత్రి 10:15

ఎందుకంటే మరో ఓథో ఆశపడడానికి అక్కడ ఖాళీ లేదు. వెస్పేసియన్‌కు ఇద్దరు ఎదిగిన కొడుకులు.

ఇది నా ఊహ కాదు, మూకియానస్‌ది. సిరియాలో బలమైన సైన్యం అతని చేతిలో ఉంది, కావాలంటే తానే పోటీ పడొచ్చు. టాసిటస్ అతని నోట పలికించిన మాటల సారం ఇది: నీ ఇంట్లో ఇద్దరు యువకులున్నారు, ఒకడు ఇప్పటికే పాలనకు తగినవాడు, నేను చక్రవర్తినైతే నీ కొడుకునే దత్తత తీసుకోవాల్సి ఉంటుంది, అలాంటప్పుడు నీకు అడ్డు రావడం అర్థం లేని పని. గల్బా దత్తతతో చేయబోయి చెడగొట్టుకున్న పని వెస్పేసియన్‌కు పుట్టుకతోనే సమకూరింది. తన తర్వాత తన కొడుకులు, లేదా ఎవరూ కాదు అని సెనేట్ ముఖం మీదే చెప్పాడు.

పాతరాత – సోమవారం రాత్రి 10:48

కొడుకు ఉండడమే సరిపోతే విటెల్లియస్ కూడా నిలవాలి. అతనికీ కొడుకున్నాడు, రైన్ సైన్యానికి చూపించి వారసుడన్నట్టు ఊరేగించాడు కూడా. ఏమైంది? విత్తనం మిగిలితే గొడవలు మిగులుతాయని మూకియానస్ ఆ పసివాణ్ణి చంపించాడు. కూతురికి మాత్రం వెస్పేసియన్ దగ్గరుండి గొప్పింటి సంబంధం చేశాడు. ఆడపిల్లకు కట్నం, మగపిల్లవాడికి కత్తి.

వాదప్రియ – సోమవారం రాత్రి 11:05

పసివాడైన కొడుకుకూ జూడియాలో లీజియన్లను నడిపే ముప్పై ఏళ్ల కొడుకుకూ తేడా లేదా? 70లో జెరూసలేం పట్టుకుని వచ్చాడు టైటస్.

మైంజ్_తెలుగు – మంగళవారం ఉదయం 6:55

నిజమే, అలా పట్టుకుని వచ్చినవాడికి తండ్రి అప్పగించిన పని ఏమిటో చూస్తే మీ ఇద్దరి తగువూ తీరుతుంది. విటెల్లియస్ పాత ప్రిటోరియన్లను ఇంటికి పంపి, రైన్ లీజియన్ల నుంచి తెచ్చినవాళ్లతో వెయ్యేసి మందితో 16 కోహర్టులు (దళాలు) నింపాడు. వెస్పేసియన్ ఆ సంఖ్యను తొమ్మిదికి తగ్గించాడు. 71లో ఆ దళానికి అధిపతిగా టైటస్‌నే కూర్చోబెట్టాడు. మామూలుగా అది అశ్విక వర్గపువాళ్ల కొలువు. నింఫీడియస్ కూర్చుని గల్బా పేరు మీద 30,000 పాట పాడిన కుర్చీ అది. వారసుడే అందులో కూర్చుంటే అంగరక్షకులను బయటివాడెవడు కొంటాడు?

జమాఖర్చు – మంగళవారం ఉదయం 7:20

కాపలాదారుడి జీతం కూడా మిగిలింది. అసలు సిసలు పిసినారి!

పరీక్షల_కాలం – మంగళవారం ఉదయం 7:44

చివరిగా ఒకటి. నీరో బతికే ఉన్నాడంటూ ఒకడు బయలుదేరాడని చదివాను. అది 69లోనేనా?

పాతరాత – మంగళవారం ఉదయం 8:10

69లోనే. పోలిక ఉంది, వీణ మీటడం, పాడడం వచ్చు, దాంతో సైన్యం నుంచి పారిపోయిన వాళ్లను కొందరిని పోగేసుకుని సముద్రం మీద బయలుదేరాడు. గాలి కొట్టి కిత్నోస్ దీవిలో పడ్డాడు. గల్బా నియమించిన గవర్నర్ కాల్పర్నియస్ ఆస్ప్రెనాస్ అటుగా రెండు ఓడలతో పోతూ అతని పని పట్టించాడు. శవాన్ని ఊరూరా చూపిస్తూ రోమ్ చేర్చారు. టైటస్ కాలంలో ఇంకొకడు, డొమీషియన్ కాలంలో మరొకడు లేచారు. వాళ్ల గురించి కొత్త చర్చ మొదలుపెట్టు బాబూ, అక్కడ రాస్తాను.